సాస్‌లో మాక్రో వేరియబులా, డేటాసెట్ వేరియబులా: ఏ పనికి ఏది మేలు?

డేటా విశ్లేషణకు వాడే సాస్ (SAS) భాషలో ఈ రెండింటినీ వేరియబుల్ అనే అంటారు గానీ, అవి పనిచేసే వేళలు వేరు. డేటాసెట్ వేరియబుల్ ఒక కాలమ్. డేటా స్టెప్ (డేటాను వరుసవారీగా చదివి రాసే కోడ్ భాగం) నడుస్తున్నప్పుడు ఒక్కో అబ్జర్వేషన్‌కు, అంటే ఒక్కో వరుసకు, ఒక్కో విలువ తీసుకుంటుంది. మాక్రో వేరియబుల్ డేటాసెట్‌లో ఉండదు, మాక్రో పేర్లూ విలువలూ దాచే సింబల్ టేబుల్‌లో ఉంటుంది. దాని విలువ ఎప్పుడూ టెక్స్టే. దాని పేరు కటాఫ్ అనుకుంటే, డేటా స్టెప్ కంపైల్ కాకముందే &కటాఫ్ అని రాసినచోట ఆ టెక్స్ట్ వచ్చి కూర్చుంటుంది. దేన్ని వాడాలో తేల్చేది ఈ తేడానే.

వరుస వరుసకూ మారే విలువైతే డేటాసెట్ వేరియబులూ, మామూలు ఇఫ్‌ స్టేట్‌మెంటూ వాడాలి. మాక్రో లోపల ఉన్న డేటా స్టెప్‌లో %ఇఫ్ ఏజ్ > 30 %దెన్ అని రాశారనుకోండి. % గుర్తున్నవాటిని ముందే తేల్చే మాక్రో ప్రాసెసర్‌కు ఏజ్ కాలమ్ కనిపించదు. ఏజ్ అనే పదాన్ని 30 అనే టెక్స్ట్‌తో పోల్చి చూస్తుంది. విండోస్, లినక్స్‌లలో అక్షరాలు అంకెల తర్వాత వస్తాయి కనుక ఆ షరతు ఎప్పుడూ నిజమే. పదేళ్ల పిల్లవాడు కూడా ముప్పై దాటినవాళ్లలో చేరిపోతాడు, లాగ్‌లో ఎర్రర్ మాత్రం రాదు. అంకెలే ఇచ్చినా చిక్కుంది: %ఇఫ్ 10.5 > 9 తప్పు అని తేలుతుంది. దశాంశం ఉంటే టెక్స్ట్ పోలికే జరుగుతుంది, 1 కంటే 9 పెద్దది. అక్కడ దశాంశాలను సంఖ్యలుగా లెక్కించే %సిస్‌ఇవాల్ఎఫ్ తప్పనిసరి.

ఎక్కువమంది ఇరుక్కునేది డేటా స్టెప్‌లోని విలువను మాక్రో వేరియబుల్‌లో పెట్టే కాల్ సింపుట్ఎక్స్ దగ్గర. అది స్టెప్ నడిచేటప్పుడు విలువ పెడుతుంది. అదే స్టెప్‌లో &కటాఫ్ రాస్తే, అది కంపైల్‌కు ముందే తేలిపోవాలి గనక విలువ దొరకదు, లాగ్‌లో వార్నింగ్ వస్తుంది. వార్నింగ్ వస్తే నయమే. అదే సెషన్‌లో ఇంతకుముందు పెట్టిన పాత కటాఫ్ మిగిలి ఉంటే చప్పుడు లేకుండా దాన్నే వాడేస్తుంది. స్టెప్‌ను రన్‌తో ముగించి తర్వాతి స్టెప్‌లో &కటాఫ్ వాడండి; అదే స్టెప్‌లో కావాలంటే, నడిచేటప్పుడే మాక్రో విలువను చదివే సిమ్‌గెట్ ఫంక్షన్ ఉంది. ప్రతి వరుసలోనూ ఒకే పేరుతో సింపుట్ఎక్స్ పిలిస్తే చివరి వరుస విలువే మిగులుతుంది.

సగటులాంటి ఒకే ఒక్క సంఖ్యను అన్ని వరుసలకూ అందించాలంటే? చాలామంది మాక్రోలో పెడతారు. నా మాట డేటాసెట్ వైపే. ప్రాక్ ఎస్‌క్యూఎల్‌లో, విలువను మాక్రోలో పెట్టే సెలెక్ట్ ఇంటూ వాడి ఫార్మాట్ ఇవ్వకపోతే, ఎనిమిది అక్షరాల్లో పట్టేలా కుదించే బెస్ట్8 ఫార్మాట్ పడుతుంది: 72.3456789 కాస్తా 72.34568 అవుతుంది. దాన్ని ఒక్కో వరుస విలువలోంచి తీసివేసి వర్గం చేస్తే ఆ తేడా లెక్కలోకి వస్తుంది. సగటు స్టాట్స్ అనే డేటాసెట్‌లో ఉంటే, మొదటి వరుసప్పుడే దాన్ని చదివేలా ఇఫ్ _ఎన్_ = 1 దెన్ సెట్ స్టాట్స్; అని రాస్తే విలువ పూర్తి కచ్చితత్వంతో వస్తుంది, సెట్‌తో వచ్చింది కనుక చివరి వరుస దాకా నిలుస్తుంది.

కోడే మారాల్సిన చోట మాత్రం మాక్రోకు సాటి లేదు: ఫోల్డర్ దారి, కట్‌ఆఫ్ తేదీ, డేటాసెట్ పేరు, టైటిల్. టైటిల్‌ను డబుల్ కోట్స్‌లోనే పెట్టాలి, సింగిల్ కోట్స్‌లో &కటాఫ్ అలాగే అచ్చవుతుంది. %లెట్ ఎక్స్ = 2+3; అంటే 5 కాదు, 2+3 అనే టెక్స్టే; &ఎక్స్*2 రాస్తే 2+3*2 అయి 8 వస్తుంది. అనుమానం వస్తే ఆప్షన్స్ సింబల్‌జెన్; పెట్టి నడపండి, ఏ & చోట ఏ టెక్స్ట్ పడిందో లాగ్‌లో కనిపిస్తుంది.