పల్చటి ల్యాప్‌టాప్: బేస్ మోడలా, పై మోడలా?

ముందు ర్యామ్ సంగతి తేల్చుకోవాలి. ఈ తరహా ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ర్యామ్‌ను మదర్‌బోర్డుకే సోల్డర్ చేసేస్తారు. 8 జీబీతో కొంటే ఇక చివరిదాకా 8 జీబీయే.

బేస్: మెయిల్, డాక్యుమెంట్లు, వీడియోలకు సరిపోతుంది. బ్రౌజర్‌లో పాతిక ట్యాబులు తెరిచి, పక్కన వీడియో కాల్ పెడితే 8 జీబీ మొరాయిస్తుంది.
పై మోడల్: 16 జీబీ ఉంటే ఆ తంటా ఉండదు. ధర మాత్రం విడిభాగాల రేటుతో పోలిస్తే దండిగానే గుంజుతారు.

స్టోరేజీకి అంత కంగారు అక్కర్లేదు. ఎం.2 స్లాట్ (స్టోరేజీ కార్డు పెట్టే చోటు) ఉంటే తర్వాత మార్చుకోవచ్చు, లేదంటే బయట తగిలించుకునే ఎస్‌ఎస్‌డీ స్టోరేజీ ఉండనే ఉంది. అయితే తక్కువ స్టోరేజీ ఒక్కోసారి వేగాన్నీ తగ్గిస్తుంది: 2022లో వచ్చిన ఎం2 చిప్ మ్యాక్‌బుక్ ఎయిర్ 256 జీబీ మోడల్‌లో స్టోరేజీ చిప్ ఒక్కటే కావడంతో, దాని స్టోరేజీ 512 జీబీ మోడల్ కన్నా నెమ్మది.

ప్రాసెసర్: ఫ్యాన్ లేని ల్యాప్‌టాప్‌లో ఖరీదైన చిప్ తీసుకున్నా, ఎక్కువసేపు పని చేయిస్తే వేడెక్కి వేగం తగ్గించుకుంటుంది. నేనైతే దానికి అదనంగా పెట్టను.

రెండు మూడేళ్లలో మార్చేసేవారికి, 16 జీబీ బేస్‌లోనే వస్తే అందరికీ, బేస్ చాలు. కోడింగ్, ఫొటో ఎడిటింగ్ చేసేవారు, ఐదేళ్లు వాడాలనుకునేవారు ర్యామ్ ఒక్కటే పెంచుకుంటే మేలు.