విలియం మార్షల్ ఏ ఏడాది పుట్టాడో వెతుక్కుంటూ మూడు రోజులు, మధ్యలో మార్ల్‌బరోలో పోయిన 25 పౌండ్లు

మేం ఉండేది రెడింగ్‌లో. నది దాటితే కేవర్షామ్, 1219 మే 14న విలియం మార్షల్ పోయింది అక్కడే. తొమ్మిదేళ్ళ ఇంగ్లండ్ రాజు మూడో హెన్రీ తరఫున రాజ్యం నడిపిన మనిషి, పోయిన రోజు తెలుసు గానీ పుట్టిన ఏడాది మాత్రం ఎక్కడా రాసిలేదు. మా తాతయ్యదీ అంతే, బళ్ళో పంతులుగారు వేసిన జులై 1 తప్ప ఇంకేం లేదు. అందుకే ఈయనంటే నాకింత ఇది.

మొదటిరోజు న్యూబరీ దగ్గర హామ్‌స్టెడ్ మార్షల్, ఊరి పేరులోనే వీళ్ళ ఇంటిపేరుంది. పాత కోట దిబ్బలు, పక్కన చర్చి, టికెట్ లేదు. విలియం నాన్న జాన్ మొదటి భార్యని వదిలేసి 1145 ప్రాంతంలో సాల్స్‌బరీ ప్యాట్రిక్ చెల్లెలు సిబిల్‌ని చేసుకున్నాడు, ఈయన ఆవిడకి రెండో కొడుకు. 1152లో స్టీఫెన్ రాజు న్యూబరీ కోటని ముట్టడిస్తే జాన్ ఈ పిల్లాడిని తాకట్టు పెట్టి మాట తప్పాడు, ఉరేస్తామంటే ఇంతకన్నా మంచి కొడుకుల్ని చేసుకోడానికి సుత్తీ దాగలీ నా దగ్గరున్నాయి అన్నాడట. రాజుకి చేతులు రాలేదు, గుడారంలో కూర్చుని పిల్లాడితో గడ్డికాడలతో ఆడుకున్నాడని విలియం మీద రాసిన పాత పద్యకథలో ఉంది. ఆ లెక్కన అప్పుడు అయిదారేళ్ళుంటాయి, అంటే 1146 లేదా 47. మావాడికీ ఇప్పుడు ఆరేళ్ళే, ఆ దిబ్బ కింద గడ్డి పీకి ఆడుకుంటుంటే మా ఆవిడ వాడిని దగ్గరికి లాక్కుని చాలాసేపు వదల్లేదు.

రాత్రి బస మార్ల్‌బరోలో, ఇక్కడే ఒళ్ళు మండింది. పబ్ మీద గది, 95 పౌండ్లు, ముగ్గురమని బుకింగ్‌లో రాసే ఉంది. తీరా వెళ్ళాక పిల్లాడి మంచానికి ఇంకో 25 కట్టమన్నారు, కాయితం చూపిస్తే సిస్టమ్‌లో లేదంటారు, రాత్రి తొమ్మిదింటికి పిల్లాడితో ఎక్కడికి పోతాం, కట్టాం. పోనీ ఆ మంచమైనా సరిగ్గా ఉందా అంటే మధ్యలో కుంగిపోయిన ఫోల్డింగ్ మంచం, హీటర్ పది దాటితే బంద్, టిఫిన్‌కి మళ్ళీ తలకి 12. మా ఆవిడ పొద్దున దాకా మాట్లాడలేదు, ఆ ఊరూ నువ్వూ అంది. పైగా విలియం నాన్న జాన్ ఏలిన కోటదిబ్బ ఇప్పుడు స్కూల్ ఆవరణలో ఉంది, ముందే అడిగి పెట్టుకోకపోతే దగ్గరికి పోలేం. కాబట్టి అక్కడ రాత్రి ఉండొద్దు, లడ్జర్షాల్ కోట చూడండి, అదీ జాన్‌దే, ఫ్రీ.

సాల్స్‌బరీ బాగుంది. ఆఖరిరోజు లండన్ టెంపుల్ చర్చి, మాకు మనిషికి 5 పౌండ్లు పడింది, రోజూ తెరవరు కాబట్టి చూసుకుని వెళ్ళండి. గుండ్రటి గదిలో నేలమీద రాతి విగ్రహాలు, 1941 మే బాంబింగ్‌లో కప్పు కాలి మీదపడి దెబ్బతిన్నాయి. అందులో ఒకటి ఈయనదంటారు, పక్కనే కొడుకులవని చెప్పేవి ఇంకో రెండు. ఉన్న అయిదుగురు కొడుకులూ వరసగా ఎర్ల్ అనే ప్రభు బిరుదు పొందారు, ఒక్కరికీ వారసుడు లేడు, 1245కల్లా వంశం ఆగిపోయింది. అక్కడున్న పెద్దాయన మావాడి పక్కన మోకాళ్ళమీద కూర్చుని ఇదంతా ఓపిగ్గా చెప్పాడు, మా ఆవిడ మొహంలో నవ్వు అప్పుడే చూశా.

ఆ 25 పౌండ్ల కోసం మెయిల్ పెట్టి మూడు వారాలైంది, జవాబు లేదు.