జమ్ములో దాగిన కొంగ కోసం దోనె మీద రెండు గంటలు

కొల్లేటి అంచున ఒక ఊరిలో, తెల్లవారుజామున తాటి దోనె మీద జమ్ము పొదల్లోకి తీసుకువెళ్లి పక్షులను చూపించే ఏర్పాటు ఉంది. కొల్లేటి పక్షుల కేంద్రమైన ఆటపాక వెళ్లినవారందరూ చూసే గూడబాతుల కోసం కాక, మనిషి అలికిడికే ముడుచుకుపోయే ఎల్లో బిట్టర్న్ అనే చిన్న కొంగ కోసం శ్రావణంలో అక్కడికి వెళ్లాను. తలకు 500 రూపాయలు తీసుకున్నారు.

మొదటి అరగంట చేపల చెరువుల బోడి గట్ల వెంటే గడిచిపోయింది. 1999లో అభయారణ్యంగా ప్రకటించి, 2006లో చెరువుల గట్లు కొట్టించినా ఈ సరస్సులో జమ్ము, కిక్కిస గడ్డి ఒత్తుగా మిగిలిన చోట్లు తక్కువే. అవి లేనిచోట ఈ పక్షి కనిపించడం అరుదు.

గెడ చప్పుడు కూడా వినిపించకుండా దోనెను పొద అంచుకు చేర్చిన పెద్దాయన, “కదలకండి బాబూ, అది మనల్ని ఎప్పుడో చూసేసింది” అన్నారు. ఇరవై నిమిషాలు నాకు ఆకులు తప్ప ఏమీ కనిపించలేదు. ఆ తరువాత గాలి వీచి ఆకులన్నీ ఊగినప్పుడు, వాటిలో ఒకటి కాస్త లావుగా ఊగుతున్నట్లు అనిపించి బైనాక్యులర్ పెట్టి చూస్తే, మెడ నిలువునా సాచి, ముక్కు ఆకాశానికెత్తి, ఆ ముక్కు కింద నుంచే పసుపు కళ్లతో నన్నే చూస్తూ నిలబడి ఉంది. ముక్కు నుంచి తోక దాకా మూరెడు కూడా లేదు. మెడ మీద చారలున్నాయి కాబట్టి ఆడదో, పిల్లపక్షో అయి ఉండాలి. మగదాని నెత్తి నల్లగా ఉంటుంది.

నా ఫిర్యాదు దీని తరువాతి సంగతి గురించి. ఎగిరినప్పుడు ఎల్లో బిట్టర్న్ రెక్కల ఈకలు నల్లగానూ, దాని దాయాది సినమన్ బిట్టర్న్ రెక్కలు మొత్తం దాల్చినచెక్క రంగులోనూ కనిపిస్తాయి. ఆ తేడా చూపించాలన్న ఉత్సాహంతో వెంట వచ్చిన కుర్రవాడు తెడ్డుతో నీటిని చరిచి పక్షిని లేపాడు. నల్ల ఈకలు చూశాను, నిజమే. కానీ వానాకాలం అవి గూడు కట్టే కాలం, పొదలో గుడ్లున్నాయో లేదో ఎవరికి తెలుసు? పెద్దాయన అతన్ని గట్టిగానే కసురుకున్నారు.

లైఫ్ జాకెట్లు లేకపోవడం క్షమించరానిది. దోనెలో ఇద్దరికి మించి ఇరుకు, మోకాళ్లు పట్టేస్తాయి. వెళ్లదలచినవారు జాకెట్లు సొంతంగా తెచ్చుకుని, పెద్దాయన ఒక్కరే గెడ వేసే రోజేదో ముందుగా అడిగి వెళ్లండి.