రెండు ఇంటిపేర్ల రెనే, జత కుదరని మారిసోల్: నాలుగు స్పానిష్-ఇంగ్లిష్ బొమ్మల పుస్తకాలు

పిల్లలు తమ పక్షాన తామే మాట్లాడే కథ అని అట్ట మీద రాసి ఉన్నా, లోపల చిక్కు విప్పేది తరచూ టీచరో అమ్మో అవుతారు. అందుకే ఇలాంటి పుస్తకం కొనేముందు చివరి నాలుగు పేజీలు తిరగేసి, అక్కడ నోరు విప్పింది ఎవరో చూడాలి.

ఈ పరీక్షలో నెగ్గే పుస్తకం రెనే కొలాతో లైనెస్ రాసిన 'రెనే హాజ్ టూ లాస్ట్ నేమ్స్ / రెనే తియెనే దోస్ అపెయీదోస్' (2009, పిన్యాతా బుక్స్). ఎల్ సాల్వడార్ నుంచి అమెరికా వచ్చిన పిల్లవాడి బల్ల మీద బడివాళ్లు 'రెనే కొలాతో' అని మాత్రమే అతికిస్తారు. కొలాతో నాన్న వైపు, లైనెస్ అమ్మ వైపు. ఒకటి తీసేస్తే అమ్మమ్మ, తాతయ్య కూడా తన పేరులోంచి వెళ్లిపోయినట్టే వాడికి అనిపిస్తుంది. పేరు డైనోసార్ కంటే పొడుగుందని తోటిపిల్లలు ఆట పట్టిస్తారు. వంశవృక్షం గీసి, రెండు ఇంటిపేర్లూ ఎందుకు కావాలో తరగతి ముందు వాడే చెబుతాడు.

పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి దగ్గర తికమకపడిన తెలుగు ఇళ్లకు ఈ కథ విడమరచి చెప్పక్కర్లేదు. మన పద్ధతిలో అమ్మ పుట్టింటిపేరు పిల్లల పేరులోకి రాదు కాబట్టి, చదివాక ఒక పని చేయించండి. పెద్ద కాగితం మధ్యలో పిల్ల పేరు, ఒక పక్క నాయనమ్మ, తాతయ్య, మరోపక్క అమ్మమ్మ, తాతయ్య. ఒక్కొక్కరి కింద ఇంటిపేరు, వాళ్లు చేసే పని. నాయనమ్మ, అమ్మమ్మల పుట్టింటిపేర్లూ రాయడానికి చోటు వదలండి. చాలా ఇళ్లలో ఆగిపోయేది అక్కడే.

అదే రచయిత ముందు రాసిన 'ఐ యామ్ రెనే, ద బాయ్ / సోయ్ రెనే, ఎల్ నిన్యో' (2005)లో తరగతికి అదే పేరున్న అమ్మాయి వస్తుంది. ఇది ఆడపిల్ల పేరట అని నవ్వినవాళ్లకు జవాబుగా రెనే తన పేరు అర్థం వెతికి వ్యాసం రాస్తాడు. ముందు దీన్ని చదివి తర్వాత రెండు ఇంటిపేర్లకు వెళ్తే బాగుంటుంది.

మోనికా బ్రౌన్ రాయగా సారా పలాసియోస్ బొమ్మలు వేసిన 'మారిసోల్ మెక్‌డొనాల్డ్ డజంట్ మ్యాచ్ / మారిసోల్ మెక్‌డొనాల్డ్ నో కొంబీనా' (2011) ఈ నాలుగింటిలో అన్నిటికంటే కంటికింపైనది. 2012లో బొమ్మలకు, అమెరికాలో లాటినో పిల్లల పుస్తకాలకు ఇచ్చే పురా బెల్ప్రే ఆనర్ దక్కింది. ఎర్ర జుట్టు, చామనఛాయ, చుక్కల బట్టల మీద చారల బట్టలు, పీనట్ బటర్, జెల్లీతో బురీటో. ఒకరోజు అందరిలా ఉండబోయి మారిసోల్ దిగులుపడుతుంది. టీచర్ రాసిచ్చిన చీటీతో తేరుకోవడం మాత్రం నాకు లోటుగానే తోస్తుంది. అయిదారేళ్ల పిల్లలకు అది పట్టదు, ఎనిమిదేళ్లవాళ్లు అడుగుతారు.

గ్లోరియా అన్సాల్దువా రాసిన 'ఫ్రెండ్స్ ఫ్రమ్ ది అదర్ సైడ్ / అమీగోస్ దెల్ ఓత్రో లాదో' (1993) బరువైనది. దక్షిణ టెక్సస్‌లో ప్రియెతీతా అనే పిల్ల, మెక్సికో నుంచి నది దాటి వచ్చిన హోఆకీన్‌ను ఏడిపించే కుర్రాళ్లకు అడ్డు నిలుస్తుంది. తర్వాత సరిహద్దు గస్తీవాళ్లు వస్తే హోఆకీన్, వాళ్లమ్మ దాక్కోవాల్సి వస్తుంది. ఎనిమిదేళ్లు నిండాకే ఇవ్వండి. పెద్దవాళ్లు ఒకసారి ముందుగా చదవాలి, ఎందుకంటే 'ఎందుకు దాక్కున్నారు?' అనే ప్రశ్న తప్పక వస్తుంది.

చదివే పద్ధతి మీద చాలా ఆధారపడుతుంది. వాక్యం ఇంగ్లిష్‌లో, వెంటనే స్పానిష్‌లో చదివితే కథ కుంటుతుంది. పిల్లలు తమకు వచ్చిన భాష కోసం కాచుకుని రెండోదాన్ని వినడం మానేస్తారు. ఒక రాత్రి మొత్తం ఒక భాషలో, మర్నాడు రెండో భాషలో చదవాలి.

ఉచ్చారణలో తెలుగువాళ్లకు కలిసొచ్చేది చాలా ఉంది. స్పానిష్ 'టి', 'డి' అక్షరాలు మన త, ద లాంటివే. ఇంగ్లిష్ అలవాటుతో ట, డ అంటేనే తప్పు. 'హెచ్' పలకదు, 'జె' హ అవుతుంది, జంట 'ఎల్' చాలా చోట్ల య. జంట 'ఆర్' నాలుక అదిరేలా గట్టిగా పలకాలి. 'లైనెస్'లో 'ఐ' మీద గీత ఉంది కాబట్టి నిజానికి లా-ఈ-నెస్ అని విడదీసి పలకాలి. వాడి పేరు కోసమే రాసిన పుస్తకంలో దాన్ని తప్పు పలకకూడదు. 'ఐ యామ్' అని చెప్పే 'సోయ్' అనే ఒక్క మాటలోనే 'నేను' ఉంటుంది, మన 'వచ్చాను'లో ఉన్నట్టే. పిల్లలు దీన్ని ఇట్టే పట్టేస్తారు.

కొనేటప్పుడు అట్ట మీద రెండు భాషల్లో పేరుందా అని చూడండి. 'స్పానిష్ ఎడిషన్' అంటే ఒక్క స్పానిషే. ఇంగ్లిష్ కథలో అక్కడక్కడ స్పానిష్ మాటలు చల్లి చివర పదాల పట్టిక ఇచ్చినవీ ద్విభాషా పుస్తకాలు కావు. ఒక్కటే కొనగలిగితే రెండు ఇంటిపేర్ల రెనే కొనండి. మారిసోల్‌ను లైబ్రరీలో అడగండి.