మా ఫెర్గూసన్ కార్బొరేటర్ మరమ్మతు: మూడేళ్ల వాడకం తరువాత

తెనాలి దగ్గర మా ఊళ్లో తాతగారి కాలం నుంచి ఉన్న ఫెర్గూసన్ టీఈడీ 20 ట్రాక్టరు ఇప్పటికీ పనిలోనే ఉంది. ఇంగ్లండులోని కోవెంట్రీలో 1946 నుంచి 1956 వరకు ఐదు లక్షలకు పైగా తయారైన బూడిదరంగు బండ్లలో ఇది ఒకటి. పెట్రోలుతో స్టార్ట్ చేసి, ఇంజను వేడెక్కిన తరువాత కిరసనాయిలుకు మార్చుకునే రకమైనా, మేము చాలా ఏళ్లుగా పెట్రోలుతోనే నడుపుతున్నాము. పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు పంపే దీని జెనిత్ కార్బొరేటర్‌ను 2022 జనవరిలో పూర్తిగా విప్పి బాగు చేయించాను. అప్పటి నుంచి కూరగాయల మడుల్లో కల్టివేటర్ వేయడానికి, కళ్లం నుంచి ఇంటికి ధాన్యం బస్తాల ట్రక్కు లాగడానికి వాడుతూ, నడిచిన గంటలను ఒక నోటుపుస్తకంలో రాసుకుంటూ వచ్చాను. లెక్క 340 గంటలు దాటింది కనుక, ఆ మరమ్మతులో ఏది నిలిచిందో, ఏది నిలవలేదో ఇప్పుడు చెప్పగలను.

మరమ్మతుకు ముందు బండి చల్లగా ఉన్నప్పుడు చోక్ లాగితే బాగానే అందుకునేది. బరువు పడగానే దగ్గినట్లు ఆగి ఆగి నడిచేది, ఖాళీగా ఉంచితే ఒక నిమిషం పరుగెత్తి మరుసటి నిమిషం చచ్చిపోయేది. ఆపి ఉంచినప్పుడు కార్బొరేటర్ కింద నేల మీద పెట్రోలు మరక కనిపించేది. ఈ కార్బొరేటర్‌లో గాలి కింది నుంచి పైకి పోతుంది కాబట్టి, పెట్రోలు నిలిచే గిన్నెలో తేలుతూ, అది నిండగానే దారి మూయించే ఫ్లోట్ సరిగా మూయనప్పుడు పొంగిన పెట్రోలు ఇంజనులోకి పోకుండా కిందికి కారుతుంది. వాసన భరించలేకపోయినా, ఒక విధంగా అది ఇంజనుకు మేలే.

మా చుట్టుపక్కల ట్రాక్టరు మెకానిక్‌లు డీజిల్ పంపు, ఇంజెక్టరు అయితే కళ్లు మూసుకుని విప్పుతారు గాని, పెట్రోలు ట్రాక్టరు అనగానే వెనకడుగు వేస్తారు. అందుకే మొదటిసారి ఆ పని నేనే చేసుకున్నాను. విజయవాడలో ఒక దుకాణంలో 1,400 రూపాయలకు దొరికిన కిట్ తెచ్చి గ్యాస్కెట్లు (భాగాల మధ్య వేసే పట్టీలు), నీడిల్ వాల్వు (ఫ్లోట్ లేచినప్పుడు పెట్రోలు దారి మూసే సూది), జెట్లు (పెట్రోలును కొలిచి వదిలే సన్న రంధ్రాల ముక్కలు) మార్చాను. వారం తిరగకుండానే బండి మళ్లీ దగ్గడం మొదలుపెట్టింది. కారణాలు రెండని తరువాత తెలిసింది. కిట్‌లో వచ్చిన, నీడిల్ ఆనే సీటుకు వేసే వాషరు పాతదానికంటే మందంగా ఉండటంతో సీటు కిందికి దిగి, గిన్నెలో పెట్రోలు మట్టం తగ్గింది. దాంతో బరువు పడినప్పుడు ఇంజనుకు చాలినంత పెట్రోలు అందలేదు. ఈ కార్బొరేటర్‌లో మట్టాన్ని నిర్ణయించేది ఆ చిన్న వాషరు మందమే కనుక, పాత వాషరును పారేయకుండా కొత్తదాని పక్కన పెట్టి కొలిచి చూసుకోవడం తప్పనిసరి. నేను కొలవలేదు. ఇక రెండో కారణం అసలు కిట్‌లోనే లేదు.

అది చెప్పినవారు విజయవాడ ఆటోనగర్‌లో అంబాసిడర్లు, పాత జీపులు చూసే ఒక పెద్ద మేస్త్రీగారు. బండిని అక్కడికి తీసుకుపోలేక, కార్బొరేటర్‌ను గుడ్డలో చుట్టి బస్సులో పట్టుకెళ్లాను. ఆయన మూత కూడా విప్పలేదు. ఇంజనుకు పోయే మిశ్రమాన్ని పెంచి తగ్గించే పళ్లేనికి ఇరుసైన త్రాటిల్ స్పిండిల్‌ను రెండు వేళ్లతో పట్టుకుని పైకీ కిందికీ ఊపి, “కిట్ మార్చి ఏం లాభం బాబూ, గాలంతా పక్కదారిన పోతోంది గదా” అన్నారు. ఇన్నేళ్ల వాడకంలో స్పిండిల్, దాని రంధ్రం రెండూ అరిగి, ఆ సందులోంచి లోపలికి వచ్చే గాలి మిశ్రమాన్ని పలచన చేస్తోంది. జెట్లు ఎంత కొత్తవైనా ఆ దొంగగాలిని లెక్కలోకి తీసుకోలేవు. పాత కార్బొరేటర్ ఉన్నవారు కిట్‌కు డబ్బు పెట్టకముందే ఇంజను నడుస్తుండగా స్పిండిల్ చివర రెండు చుక్కల ఇంజనాయిల్ వేసి చూడవచ్చు. అప్పుడు ఇంజను శబ్దం మారితే గాలి అక్కడి నుంచే పోతోందని అర్థం.

లేత్ మీద రంధ్రాన్ని పెద్దది చేసి గన్‌మెటల్ బుష్‌లు (సన్నటి లోహపు గొట్టాలు) దించడం, కొత్త స్పిండిల్ తిప్పించడం అంతా రెండు రోజుల పని. అయితే మొదట బుష్ బిగువుగా వచ్చింది. ఈ ట్రాక్టరులో ఇంజను వేగాన్ని నిలకడగా ఉంచే గవర్నరు లింకు నేరుగా త్రాటిల్ చేతికి కలిసి ఉంటుంది. స్పిండిల్ ఏ మాత్రం పట్టేసినా గవర్నరు ఒకసారి ఎక్కువ తెరిచి, మరోసారి ఎక్కువ మూసి, ఇంజను ఊయలలాగా ఊగుతుంది. మాకు అదే జరిగింది. మళ్లీ తీసుకెళ్తే మేస్త్రీగారు విసుక్కోకుండా, స్పిండిల్ తన బరువుకు తానే తిరిగేంతవరకు అరగదీసే సన్నటి పేస్టుతో రుద్ది ఇచ్చారు. స్పిండిల్ మీది సీతాకోకచిలుక పళ్లేన్ని పట్టి ఉంచే రెండు చిన్న స్క్రూల చివరలను సుత్తితో కొట్టి వెడల్పు చేయడం కూడా ఆయన మరచిపోలేదు. ఆ స్క్రూ ఊడితే నేరుగా ఇంజనులోకే పోయే ప్రమాదం ఉంది. నా చేతి పనిలో ఈ జాగ్రత్త లేదని ఒప్పుకోవాలి.

ఇత్తడి ఫ్లోట్‌ను వేడినీళ్లలో ముంచితే ఒక అతుకు దగ్గర బుడగలు వచ్చాయి. లోపల చేరిన పెట్రోలు ఆవిరయ్యేదాకా ఉంచి, సన్నగా టంకం వేయించాము. టంకం మందంగా పడితే ఫ్లోట్ బరువెక్కి మట్టం మారుతుంది. జెట్లను శుభ్రం చేయడానికి ఇనుప తీగ వాడకూడదన్నది అందరికీ తెలిసిన మాటే అయినా, మా పాత మెయిన్ జెట్ రంధ్రం కోలగా సాగి ఉండటం చూస్తే మా ఇంట్లోనే ఎవరో ఆ పని చేశారని తెలుస్తుంది. రెండోసారి విదేశం నుంచి తెప్పించిన కిట్ ఖరీదు, కొరియరు, పన్నులతో కలిపి 4,800 రూపాయలైంది. జెట్లు, వాషర్లు సరైన కొలతతో వచ్చాయి. గ్యాస్కెట్లు మాత్రం మొదటి కిట్‌లోవాటికంటే గొప్పగా ఏమీ లేవు.

మరమ్మతు తరువాత బండి ట్రక్కుతో గంటకు నాలుగు లీటర్ల దగ్గర నిలిచింది. అంతకుముందు ఐదున్నర దాకా తాగేది. గేరు లివరును ఎస్ గుర్తు వైపు తోస్తే స్టార్టరు తిరిగే పాత ఏర్పాటు ఇది. తెల్లవారుజామున కూడా రెండో ప్రయత్నంలోపే అందుకుంటోంది. స్పిండిల్ ఈ నాటికీ ఊగడం లేదు.

ఇబ్బందులు లేకపోలేదు. మొదటి ఏడాదిలోనే రెండుసార్లు జెట్ మూసుకుపోయింది. తప్పు కార్బొరేటర్‌ది కాదు, ట్యాంకు అడుగున పేరుకున్న తుప్పుది. ట్యాంకు దించి, లోపల గులకరాళ్లు వేసి కుదిపి కడిగించిన తరువాతే ఆ బాధ తీరింది. ఈ పని ముందే చేసి ఉండవలసింది. 2023 నుంచి బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు రావడం మొదలయ్యాక పెట్రోలు ట్యాప్ దగ్గరి పాత కార్కు వాషరు ఉబ్బి పట్టేసింది, రబ్బరు పైపు మెత్తబడింది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కనుక, వారాల తరబడి బండి ఆపినప్పుడు ఆ తేమకు లోహం తినేసి గిన్నె అడుగున తెల్లటి పొడి కనిపించేది. ఇప్పుడు ఆపే ముందు ట్యాప్ మూసి, గిన్నెలోని పెట్రోలు అయిపోయి ఇంజను తానే ఆగేదాకా నడిపిస్తున్నాను. ఆ పొడి మళ్లీ కనిపించలేదు.

వేసవి సమస్య మాత్రం మిగిలే ఉంది. కిరసనాయిలును ఆవిరి చేయడానికి సైలెన్సరు వేడితో కాగేలా చేసిన మానిఫోల్డు (కార్బొరేటర్ నుంచి ఇంజనులోకి పోయే గొట్టం) ఇది. మే నెల మధ్యాహ్నం పెట్రోలుతో నడుపుతూ ఆపితే, కార్బొరేటర్‌లోని పెట్రోలు వేడికి ఆవిరైపోయి పావుగంటసేపు మళ్లీ స్టార్ట్ కాదు. మానిఫోల్డుకు, కార్బొరేటర్‌కు మధ్యలో రేకు ముక్క అడ్డుపెట్టినా పూర్తిగా తగ్గలేదు. కాబట్టి ఎండాకాలంలో పొద్దున తొమ్మిదిలోపే పని ముగిస్తున్నాము.

మొత్తం ఖర్చు రెండు కిట్‌లు, లేత్ పని, ట్యాంకు కడిగించడం కలిపి 11,000 రూపాయల దాకా అయింది. అందులో లేత్ పనికి ఇచ్చిన 2,500 రూపాయలే నిజంగా బండిని నడిపిస్తున్నాయని నా అభిప్రాయం. నీడిల్ వాల్వు చివర కొద్దిగా గాడి పడుతోంది, నేల మీద మళ్లీ ఒకటి రెండు చుక్కలు కనిపిస్తున్నాయి. ఈసారి నీడిల్, సీటు మాత్రమే తెప్పించాను. వాటి పెట్టెలోనే పాత వాషరు కూడా పెట్టి ఉంచాను.