కడపలో పచ్చరాయికి మళ్లీ కళ తెచ్చిన దుకాణం

అమ్మ ఇచ్చిన పచ్చ ఉంగరాన్ని రెండేళ్ల క్రితం ఒక పెద్ద నగల దుకాణంలో శుభ్రం చేయమని ఇచ్చాను. వాళ్లు దాన్ని అల్ట్రాసోనిక్ యంత్రంలో వేసి తీశారు. బంగారం తళతళలాడింది గానీ, రాయి కళ తప్పి, లోపలి పగుళ్లు తెల్లటి గీతలుగా బయటపడ్డాయి. మా అమ్మాయి మే నెలలో పుట్టింది, ఆ నెల రత్నం పచ్చే కనుక ఉంగరాన్ని తనకే ఇవ్వాలని, ఈ వేసవిలో వై.వి. వీధి పక్క సందులో రాళ్లు పొదిగే చిన్న దుకాణానికి తీసుకువెళ్లాను.

అక్కడి పెద్దాయన భూతద్దం కంటికి ఆనించి చాలాసేపు చూసి, "రాయి చెడిపోలేదమ్మా, దాంట్లో నూనె పోయింది, అంతే" అన్నారు. పచ్చలో పుట్టుకతోనే సన్నని పగుళ్లు ఉంటాయనీ, అవి కనబడకుండా సానపట్టిన తరువాత దేవదారు నూనె పట్టిస్తారనీ, యంత్రపు అదురుకూ వేడికీ ఆ నూనె జారిపోతుందనీ ఓపికగా వివరించారు. భూతద్దం నా చేతికిస్తే నేనూ చూశాను: బావి గోడ మీది నాచులాంటి పొరలు! ఏ పొరా లేని పెద్ద పచ్చ చవకగా దొరికితే అనుమానించాలని హెచ్చరించారు.

గరుడపచ్చ అనే పేరు గురించి అడిగితే, వాసుకి మోసుకుపోతున్న రాక్షసుడి పిత్తం గరుడుడు మీద పడడంతో జారి కొండ మీద పడి పచ్చలైందన్న పురాణ కథ చెప్పారు. బుధుడి రత్నంగా చిటికెన వేలికి పెట్టుకోవడం మనకు పాత ఆచారమే. నెలకొక రత్నమనే నేటి జాబితాను మాత్రం 1912లో అమెరికా నగల వ్యాపారులు ఖాయం చేశారు. మొఘలుల ఖజానాలోని గొప్ప పచ్చలలో చాలా భాగం, 16వ శతాబ్దంలో స్పెయిన్ వారి చేతికి చిక్కిన కొలంబియా గనులవే.

నాలుగు రోజుల్లో నూనె పట్టించి, వదులైన కొక్కేలు బిగించి, 800 రూపాయలు తీసుకున్నారు. ఆ గీతలు ఇప్పుడు వెతికితే తప్ప కనబడవు. గోరువెచ్చని నీళ్లలో మెత్తటి బ్రష్‌తో కడగాలనీ, అంట్లు తోమేటప్పుడు తీసెయ్యాలనీ, వజ్రపు నగలతో కలిపి పెట్టకూడదనీ చెప్పారు. నూనె పట్టించిన సంగతి రసీదులో నేను అడిగాకే రాశారు. అది అడగకుండానే రాయవలసిన విషయం.

వెళ్లేవారు పగటిపూట వెళ్లడం మంచిది. సందులో వెలుతురు తక్కువ, ట్యూబులైటు కింద పచ్చ రంగు సరిగా తెలియదు. అడిగితే ఆయనే రాయిని గడప దాకా తెచ్చి ఎండలో చూపిస్తారు.