ఉండవల్లి కరకట్ట పక్కన మూడు గదుల ఇల్లు: మే నెలలో రెండు రోజులు

వేసవిలో రెండు రోజులు ఎక్కడికైనా పోదామంటే బెజవాడ పేరు ఎవరూ ఎత్తరు. మేం మొన్న మే మూడో వారంలో హైదరాబాద్ నుంచి పనిగట్టుకుని అక్కడికే వెళ్ళాం. ముందు ఊటీ అనుకున్నాం, తర్వాత అరకు అనుకున్నాం. చివరికి మా ఆవిడే అంది: "చల్లటి ఊళ్ళు వచ్చే ఏడూ ఉంటాయి. ముందు అన్నయ్యగారిని చూసొద్దాం."

అన్నయ్యగారంటే నా కాలేజీ స్నేహితుడు. గుంటూరు ఏ.సి. కాలేజీలో 1983 నుంచి మూడేళ్ళు ఒకే బెంచీ, బ్రాడీపేటలో ఒకే గది. శంకర్ విలాస్‌లో ఒక కాఫీ చెప్పి ఇద్దరం పంచుకున్న రోజులు. నేను ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చేశాను. వాడు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తాగా చేరి ముప్పై రెండేళ్ళు అక్కడే చేశాడు. యార్డుకి ఏటా మే నెలలో వేసవి సెలవులు ఇస్తారు కాబట్టి మేం కలిసేది ఎప్పుడూ ఎండల్లోనే. నిరుడు దీపావళికి ముందు వాడికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, కుడి కాలు ఈడుస్తాడు. మాట వస్తుంది గానీ ఒక్కో మాటా వెతుక్కోవాలి.

వాళ్ళింట్లో దిగితే మా చెల్లెమ్మకి, అంటే వాడి భార్యకి, శ్రమ. గుంటూర్లోనే ఒక హోటల్‌కి ఫోన్ చేస్తే, బయటివాళ్ళని గదిలోకి రానివ్వం, వస్తే మనిషికి ఐదు వందలు అన్నారు. నాకు ఏసీ, టీవీ ఎలా ఉన్నా పర్వాలేదు. వాడు వచ్చి పగలంతా కూర్చోగలగాలి, నడుం నొప్పి పుడితే పడుకోగలగాలి, బాత్రూమ్‌కి మెట్లు ఎక్కకుండా వెళ్ళగలగాలి. మా అన్నగారబ్బాయి ఈ ఇంటి సంగతి చెప్పాడు. ఇంటాయన పేరు, నంబరు ఇక్కడ రాయడం లేదు. ఉన్నవి మూడు గదులేననీ, ఫోన్లు ఎక్కువైతే ఇద్దరు ముసలివాళ్ళం చెయ్యలేమనీ ఆయనే అడిగారు. నేను మాటిచ్చాను.

శుక్రవారం రాత్రి శాతవాహనలో విజయవాడలో దిగేసరికి పది కావస్తోంది. ప్లాట్‌ఫారం మీద ఇంకా వేడిగాలే. ఆటో ప్రకాశం బ్యారేజీ ఎక్కాక గానీ ఒంటికి కాస్త గాలి తగల్లేదు. తిరుగు బేరం ఉండదని ఆటో అతను ఎక్కువే అడిగాడు. బ్యారేజీకి అవతలి ఒడ్డున, అంటే గుంటూరు వైపు, ఉండవల్లి దగ్గర కరకట్టకి లోపలి పక్కన ఉంది ఇల్లు. కింద ఇంటాయన, ఆవిడ ఉంటారు. పైన మూడు గదులు, ఆ పైన డాబా. అంత రాత్రప్పుడు ఇద్దరూ మేలుకునే ఉన్నారు. గేటు దగ్గరే చెంబుతో నీళ్ళిచ్చారు, కాళ్ళు కడుక్కున్నాక మజ్జిగ. పచ్చిమిర్చి, అల్లం దంచి వేసి నిమ్మాకు నలిపిన మజ్జిగ. ఆధార్ కార్డులు పొద్దున చూపించినా చాలన్నారు.

గది శుభ్రంగా ఉంది. పరుపు గట్టిది, మంచం ఎత్తు సరిగ్గా ఉంది, దుప్పట్లు ఎండలో ఆరేసిన వాసన వేస్తున్నాయి. అద్దె రాత్రికి రెండు వేలు, పొద్దుటి టిఫిన్ అందులోనే. మధ్యాహ్నం భోజనం మనిషికి రెండు వందలు. తక్కువలూ చెప్తాను. గదికి వెళ్ళే మెట్లు నిటారుగా ఉన్నాయి, రెయిలింగ్ ఒక పక్కనే ఉంది. పదకొండు దాటాక కుళాయి తిప్పితే డాబా మీది ట్యాంకు నీళ్ళు చెయ్యి కాలేలా వస్తాయి, అందుకని పొద్దున్నే బకెట్లు నింపి పెట్టుకోవాలి. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు తిరుగుతాయి, ఏసీ ఆగిపోతుంది. సాయంత్రం ఆరు తర్వాత దోమలు. కిటికీలకి మెష్ ఉంది, తలుపుకి లేదు.

శనివారం తెల్లారగట్ల మంగళగిరి వెళ్ళాం. కారులో అరగంట కూడా పట్టలేదు. కొండ మీద పానకాలస్వామికి బిందెతో పానకం తీసుకెళ్తే, పూజారి శంఖంతో స్వామి నోట్లో పోస్తారు. సగం స్వామి తాగుతాడంటారు, మిగతా సగం ప్రసాదంగా మనకిస్తారు. మధ్యాహ్నం దాటాక వెళ్ళకండి, మూడు గంటల తర్వాత దేవతలు పూజ చేసుకునే వేళని గుడి మూసేస్తారు. బెల్లం, మిరియాలు, యాలకులు కలిసిన ఆ నీళ్ళు మే నెల ఉక్కలో గొంతు దిగుతుంటే ఎంత హాయిగా ఉంటుందో తాగినవాళ్ళకే తెలుసు. దిగువ గుడి గాలిగోపురం 11 అంతస్తులు, రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించింది. మా ఆవిడ నిజాం అంచు చీర ఒకటి కొనుక్కుంది. పలచటి నూలు, అంచున జరీ, ఒంట్లో ఎక్కడా బుటా ఉండదు. ఎండాకాలానికి ఇంతకన్నా మంచి చీర లేదని తన మాట.

మేం తిరిగొచ్చేసరికి మావాడు, చెల్లెమ్మ వచ్చేసి ఉన్నారు. గుంటూరు నుంచి ముప్పై కిలోమీటర్ల దారి. పక్షవాతం వచ్చాక ఆసుపత్రికి తప్ప వాడు కారెక్కడం ఇదే మొదటిసారట. ఇంటాయన వాణ్ణి తన వాలుకుర్చీలో వరండాలో కూర్చోబెట్టి, కాళ్ళ కింద ముక్కాలిపీట వేసి, ఎదురుగా తాను కూర్చుని మాట్లాడుతున్నారు. ఆయన ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట 1952 వరదకి దెబ్బతినడం, దాని బదులు కట్టిన ఈ బ్యారేజీ 1957లో తయారవడం, 70 గేట్లు, ఇవన్నీ చెప్తున్నారు. మావాడు ఒక మాట కోసం ఆగితే ఆయన కూడా ఆగుతున్నారు. ఆ మాటని తాను అందించట్లేదు. మాట తడబడే మనిషితో ఎలా మాట్లాడాలో చాలామంది బంధువులకే తెలియదు. వాడి నోటిదాకా వచ్చిన మాటని మేమే అనేసి వాణ్ణి ఎన్నిసార్లు ఊరుకోబెట్టామో నాకు అప్పుడు తెలిసొచ్చింది.

ఆ రోజు ఇంటాయన వాళ్ళు ఆవకాయ పెడుతున్నారు. మాకు ముందు తెలియదు. హాల్లో పాత చీర పరిచి, కొట్టించిన మామిడి ముక్కలు ఆరబోసి ఉన్నాయి. టెంక ముదిరిన పుల్లకాయ. ఇంటావిడ, పక్కింటామె కూర్చుని ఒక్కో ముక్కకీ జీడి తీసి, లోపలి పలచటి పొర గీకి, పొడిగుడ్డతో తుడుస్తున్నారు. మా ఆవిడ మంగళగిరి చీర సంచీ పక్కన పెట్టి వాళ్ళతో కూర్చుండిపోయింది, చెల్లెమ్మ కూడా. ఆవపిండి, కారం, దంచిన కళ్ళుప్పు మూడూ ఒకే గిన్నెతో కొలిచారు. ఉప్పు మాత్రం తలకొట్టి. మెంతులు, వెల్లుల్లి, కొద్దిగా పసుపు, ఆ మీద గానుగలో ఆడించిన నువ్వుల నూనె. ఆ ఘాటుకి ఇల్లంతా తుమ్ములు.

కారం డబ్బా మూత తీసినప్పుడు మావాడు వరండాలోంచి ఎడం చెయ్యి చాపాడు. ఇంటావిడ ఏమీ అడక్కుండా అరచేతిలో చిటికెడు కారం వేశారు. వాడు దాన్ని బొటనవేలితో రాశాడు, వెలుతురులోకి పెట్టి చూశాడు, వాసన చూశాడు. అంతసేపూ ఎవరూ మాట్లాడలేదు.

"తేజ... కాదు" అన్నాడు. కాసేపాగి, "334. కొంచెం... బాడిగ... కలిపారు. రంగుకి." మూడూ మిర్చి రకాలే.

"అవును బాబూ, సరిగ్గా చెప్పావు!" అన్నారు ఆవిడ. కిలోకి ఎంత బాడిగ కాయ కలిపించారో చెప్పారు. వాడు తలాడించి ఆ మోతాదు బాగుందన్నాడు. తేజ అయితే ఘాటు ముక్కుకి ముందే తగులుతుందనీ, బాడిగకి రంగే గానీ కారం ఉండదనీ, అందుకే ఆవకాయకి ఈ కలపడమనీ, అన్నీ వాడి నోటే వచ్చాయి, ఆగి ఆగి. ఏడు నెలల్లో వాడు ఒక్క బిగిన అన్ని మాటలు అనడం చూళ్ళేదని చెల్లెమ్మ తర్వాత నాతో అంది.

భోజనం సంగతి ఇక్కడే చెప్పాలి. మామిడికాయ పప్పు, ములక్కాడ టమాటా కూర, మజ్జిగ పులుసు, గుమ్మడి వడియాలు, ఊరమిరపకాయలు. వాడికి బీపీ ఉందని ఫోన్లో చెప్పాను కాబట్టి వాడి పప్పూ కూరా ఉప్పు తగ్గించి వేరే గిన్నెలో వండారు. నేను అడగలేదు, వాళ్ళే ఆలోచించి చేశారు. అన్నిటికంటే ముందు మాత్రం ఆవకాయ ముద్ద. జాడీలోకి ఎత్తేశాక ఆ బేసిన్ అంచులకి అంటుకున్న పిండిలో వేడివేడి అన్నం, నెయ్యి వేసి ఇంటావిడ చేత్తో కలిపారు. వరసగా అందరి చేతుల్లో ముద్దలు పెట్టుకుంటూ వచ్చారు. నాకూ, మా ఆవిడకీ, పక్కింటామెకీ, కారు తోలుకొచ్చిన కుర్రాడికీ, మావాడికీ. వాడికి చిన్న ముద్ద, నెయ్యి ఎక్కువ. కుడిచేత్తో కలుపుకోలేక, స్పూనుతో నలుగురిలో తినడం ఇష్టంలేక వాడు పెళ్ళిళ్ళకి కూడా మానేశాడు. ఆ రోజు కలుపుకునే పని ఎవరికీ లేదు. చెయ్యి చాపడమే. వాడు ఎడం చెయ్యి చాపాడు, తిన్నాడు, మళ్ళీ చాపాడు. నేను లేచి నీళ్ళ కోసమన్నట్టు వంటింట్లోకి వెళ్ళి కాసేపు అక్కడే నిలబడ్డాను.

సాయంత్రం ఐదింటికి వాళ్ళు బయల్దేరాలి. నాలుగున్నరకే పడమట నల్లగా కమ్ముకుని గాలిదుమారం లేచింది. వరండాలో కుర్చీలు ఎగిరాయి, చెట్టు కాయలు టపటపా రాలాయి, కరెంటు పోయింది. వాన గట్టిగా కొట్టి అరగంటలో వెలిసింది గానీ దారిలో కొమ్మలు పడ్డాయన్నారు. ఇంటాయన అసలు చర్చే పెట్టలేదు. "ఈ చీకట్లో ఆ మనిషిని తిప్పుతారా? ఇక్కడే ఉంటారు" అని కింద హాల్లో దివాన్ మీద పక్క వేయించారు, కారు కుర్రాడికి వరండాలో మంచం. మేం నలుగురం రాత్రి పదిన్నర దాకా ఆ వరండాలోనే ఉన్నాం. తడిసిన మట్టి వాసన, అవతల ఇంద్రకీలాద్రి మీద మళ్ళీ వెలిగిన దీపాలు. ఎక్కువ మాట్లాడుకోలేదు. బ్రాడీపేట గదిలో కిరసనాయిలు స్టవ్ మీద నేను అన్నం మాడ్చిన సంగతి వాడే గుర్తుచేసి నవ్వాడు.

ఒక్క లోటు మాత్రం గట్టిగానే చెప్పాలి. కింది బాత్రూమ్‌లో కమోడ్ ఉంది గానీ గోడకి పట్టుకోవడానికి ఏమీ లేదు, గచ్చు నున్నటి టైల్స్. రాత్రి రెండుసార్లు నేనే వాణ్ణి పొదివి పట్టుకుని కూర్చోబెట్టాను. నేను లేకపోతే చెల్లెమ్మ వల్ల అయ్యేది కాదు. పొద్దున ఇంటాయనకి చెప్పాను. ఆయన నొచ్చుకోలేదు. కేలండర్ మీద ఆ తేదీ పక్కన "బాత్రూం రాడ్" అని రాసుకున్నారు.

ఆదివారం టిఫిన్‌కి మినపరొట్టె, అల్లం పచ్చడి. మావాళ్ళు వెళ్ళాక మేమిద్దరం ఉండవల్లి గుహలు చూశాం. ఒకే కొండని తొలిచిన నాలుగంతస్తులు, లోపల నిలువెత్తు కన్నా చాలా పొడవుగా శయనించిన అనంతపద్మనాభుడు. బయట రాయి కాలుతున్నా ఆయన దగ్గర చల్లగా ఉంది. భవానీ ద్వీపానికి వెళ్ళలేదు, ముందురోజు గాలి చూశాక మా ఆవిడకి పడవంటే టెన్షన్. దానికి బదులు దారిలో తాటి ముంజలు కొనుక్కుని, సుగంధి సోడా తాగి స్టేషన్‌కి వెళ్ళాం.

లెక్క చూసేటప్పుడు మావాళ్ళ భోజనాలకి డబ్బు తీసుకున్నారు. రాత్రి పడుకున్నందుకు ఎంతిచ్చినా తీసుకోలేదు. చిన్న సీసాలో ఆవకాయ ఇచ్చి, మూడో రోజు తిరగకలిపి ఉప్పు చూసుకోమన్నారు. మంగళవారం మా ఆవిడ తిరగకలిపింది. ఉప్పు వెయ్యక్కర్లేకపోయింది.

ఇలాంటి ఇంటికి పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ముందే అడగాల్సినవి: కింద గది దొరుకుతుందా, కమోడ్ ఉందా, పగలు చూడ్డానికొచ్చే మనిషికి డబ్బులు కట్టాలా. ఈ ఇంట్లో కింద గది అద్దెకివ్వరు. మెట్లెక్కలేనివాళ్ళు రాత్రి బస పెట్టుకోవద్దు, పగటికైతే నిశ్చింతగా వెళ్ళొచ్చు. మే నెలలో వెళ్తే ఆవకాయ ఏ రోజో కనుక్కుని ఆ రోజుకే వెళ్ళండి.

ఇంటాయన నిన్న నాకు వాట్సాప్‌లో ఒక ఫొటో పంపారు. కింది బాత్రూమ్ గోడకి స్టీలు రాడ్, కమోడ్‌కి ఎడం పక్కన. ఎడం పక్కనే ఎందుకు పెట్టించారో నేను అడగలేదు. ఫొటో మావాడికి పంపించాను.